బావ వద్దన్న బటన్ గేర్ల సైకిలు

తెలంగాణ కోసం రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి వండుకతిన్న ఆ రోజుల్లో, బంద్ అంటే బస్సు చక్రం కదిలేది కాదు. నేనూ గొంతు పోయేదాక నినాదాలు ఇచ్చినోన్నే. కాని నా మొదటి నౌకరీల చేరే ఆఖరి రోజే బంద్ వచ్చి పడ్డది. మాది జనగామ. ముందురోజే మానుకోటల అక్క ఇంటికి చేరుకున్న. బడేమో కొత్తగూడ దిక్కు అడవిల ఉంది. సాయంత్రం అయిదు లోపల సంతకం పెట్టకుంటే పంతులు నౌకరీ పోయినట్టే. మా బావకు సైకిళ్ల పిచ్చి. ఆయన దగ్గర రెండు గేర్ల సైకిళ్లుండె. ఒకదానికి తీగ గుంజితే గేరు పడుతది. రెండోదానికి బటన్ నొక్కితే బ్యాటరీతోని జుయ్‌మని అదే పడుతది. "తీగదే తీస్కపో, దారిల ఏమన్న అయితే ఎవలన్న బాగుచేస్తరు" అన్నడు బావ. నేను బటన్‌దే తీస్కపోయిన. (కొత్త పంతులు జర దర్జాగ కనపడాలె కద.)

దారిల ధర్నా టెంటు కాడ "గిదేం సైకిలు తమ్మీ?" అని ఆపిండ్రు. నేను చిన్న ఉపన్యాసం ఇచ్చిన. వెనక చక్రం లేపి తిప్పుకుంట టెంటుల ఉన్నోల్లంత వంతులేసుకొని బటన్ నొక్కిండ్రు. బ్యాటరీల ఎంత చార్జింగ్ ఉందో బావను అడగాలన్న సోయి నాకు లేకపాయె. కొంత దూరం పోయినంక బటన్ పలుకలే. గేరు అన్నిట్ల బరువుదాని మీదనే ఆగిపోయింది. ముందలేమో ఎత్తు.

నెట్టుకుంట నెట్టుకుంట ఒక తండా చేరిన. గడ్డిమోపు దించుతున్న లంబాడా కాక దగ్గరికొచ్చి సైకిలంత తడిమి చూసిండు. "తీగ తెగితే కంటికి కనపడ్తది సారూ. దీని పాణం ఏడుందో ఎట్ల తెల్వాలె?" అన్నడు. నా సంగతంత చెప్పిన. ఆయన వాళ్ల భాషల భార్యతోని ఏదో అంటే, ఆమె లోపల్నించి ఒక పాత గేర్ల సైకిలు నడిపించుకొచ్చింది. కాక వదులైన తీగను పట్టుకారుతోని గుంజి బిగించిండు.

"ఆరు గేర్లల్ల మూడే పడ్తయి. నీకు చాలు."

"నా పేరన్న అడగకుండ ఎట్ల ఇస్తున్నవు కాకా?"

"బడికి పంతులొస్తుంటే పేరేం జేస్కోను?"

ఆమె రెండు జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. అయిదుకు పది నిమిషాలుండంగ సంతకం పెట్టిన. తెల్లారి తండాకు తిరిగొస్తే, బావ సైకిలు తుడిచి, కొట్టంల దుప్పటి కప్పి ఉంది.

ఎనిమిదేండ్లు ఆ బడిలనే పనిచేసిన. జనగామకు బదిలీ అయినప్పుడు కాకే వచ్చి బస్సెక్కించిండు. "ఆ రోజు నువ్వు పిల్లల చదువు కోసం సైకిలు ఇచ్చినవు, నేను మర్వ కాకా" అన్న.

"చదువు సంగతి తర్వాత. నువ్వు ఏడుస్తుంటే ఇయ్యబుద్ధయింది" అన్నడు.

(ఏడ్చిన ముచ్చట పైన రాయలేదు. ఇన్నేండ్లు ఎవలకూ చెప్పలేదు. నలభై దగ్గరపడ్డంక ఒప్పుకుంటున్న, ఏడ్చిన. బాగనే ఏడ్చిన.)