శాంతి తొలికాన్పు

మా తోడికోడలు రెబ్కా వారమంతా మిరపకాయల కోతకు వెళుతుంది. ఆదివారం చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెబుతుంది. చేతులు ఎంత మండుతున్నా గొంతు మాత్రం తగ్గదు. చీమకుర్తి చుట్టుపక్కల అలాంటి టీచరు ఇంకొకరుంటే చూపించండి, ఒప్పుకుంటాను.

మొన్న వేసవిలో, "యేసును నమ్మినవాళ్ళమంతా ఒకే కుటుంబం, అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం" అని పాఠం చెబుతుంటే మా క్రిస్టీనా లేచింది. నా కూతురే, నోటికి తాళం లేదు.

"అయితే మా అమ్మా నాన్నా అన్నాచెల్లెళ్ళా పెద్దమ్మా?"

పిల్లలు గొల్లుమన్నారు. రెబ్కా కూడా నవ్వేసింది. "అలా కాదే పిచ్చిదానా. కష్టమొస్తే సొంతవాళ్ళలా నిలబడాలని."

"మరి శాంతక్కకి పుట్టిల్లు లేదంటగా. మనింటికి ఎందుకు తీసుకురాలేదు?"

శాంతి, ఆమె భర్త మార్క్ ఒడిశా నుంచి వచ్చారు. మార్క్ గ్రానైట్ క్వారీలో పనిచేస్తున్నాడు. ఇద్దరూ మా చర్చికే వస్తారు. మా వైపు తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. శాంతికి తల్లి లేదు. నెలలు నిండిన పిల్ల, మార్క్ డ్యూటీకి వెళితే ఆ రేకుల గదిలో ఒక్కతే ఉండేది. నొప్పులొస్తే పలికే దిక్కు లేదు.

రెబ్కా బైబిలు మూసి, పిల్లలందరినీ వెంటేసుకుని నేరుగా ఆ గదికే నడిచింది.

"నేను మీకేమవుతానని అక్కా?" అంటూ శాంతి వెనకడుగు వేసింది.

"కూతురివి. పుట్టింటికి రావడానికి మొహమాటమేంటే? లే, బట్టలు సర్దు!"

ఇంటికొచ్చాక మా బావగారు జయపాల్, "ఉన్నది ఒక్క గదేగా" అని గొణిగారు. గొణుగుతూనే తన మంచం వసారాలోకి లాక్కున్నారు.

వారం తిరక్కుండానే శాంతికి నొప్పులొచ్చాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. క్రిస్టీనా ఎంత చెప్పినా వినకుండా మా మధ్యలో ఇరుక్కుంది. తెల్లవారాక నర్సు పాపను ఎత్తుకుని బయటికి వచ్చింది.

"పుట్టింటివాళ్ళెవరండీ?"

"మేమే" అంది రెబ్కా.

"అమ్మాయి ఒడియా ఆవిడ కదా?"

"అయితే ఏంటంట? మా అమ్మాయే!"

నర్సు పాపను ఆమె చేతుల్లో పెట్టింది. ఆ క్షణాన మా రెబ్కాను చూసి నా గుండె ఉప్పొంగిపోయింది. అంతలో క్రిస్టీనా మునివేళ్ళ మీద లేచి పాప మొహంలోకి తొంగిచూసింది. అది వేళ్ళు మడిచి వరసలు లెక్కపెట్టుకుంటోంది.

"పెద్దమ్మా, శాంతక్క నీ కూతురైతే నేను పాపకి పిన్నినేగా?"

"కాక మరేంటే! కూర్చో, ఒళ్ళో పెడతాను."