ఖాళీ చేసిన నాలుగో లైను

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయాలు చాలానే ఉన్నా, అగ్గిపెట్టెల గూడ్స్ యార్డు విషయంలో మా మేనమామ చేసిన పనికి ఆయన్ను తిట్టుకోవాలో, దండం పెట్టాలో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.

అప్పుడు బూర్గంపాడులో ఏడో తరగతి చదువుతున్నాను. భద్రాచలంలో సైన్సు ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి వచ్చినవాళ్లను రైల్లో ఖమ్మం తీసుకుపోతామన్నారు. నేను అంతవరకు రైలెక్కలేదు. మామ కొత్తగూడెంలో షంటింగ్ పని చేసేవాడు. అంటే బొగ్గు వ్యాగన్లను విడదీసి, ఏ లైనుకు పోవాల్సినవి ఆ లైనుకు చేర్చడం. ఒకసారి ఆయన వెంట వెళ్లి, కంచె ఇవతల నిలబడి చూసిన యార్డునే చెక్క మీద కట్టాలనుకున్నాను.

నెల రోజులు పట్టింది. వెదురు బద్దలు చీల్చి, జంటలుగా అతికించి పట్టాలు చేశాను. ఒక పొడవాటి లైను, దాని చివర నుంచి చీలిపోయే ఐదు లైన్లు. ఆ ఐదింటికీ అవతల దారి లేదు. నల్లరంగు పూసిన కొయ్యముక్క ఇంజను. అగ్గిపెట్టెలే వ్యాగన్లు. కొన్నింట్లో బొగ్గు నలుసులు, కొన్నింట్లో వెదురు ముక్కలు. ఒకదానికొకటి తగిలించడానికి తీగ కొక్కేలు. లైనుకు నాలుగేసి బండ్లు. ఎక్కడా ఖాళీ లేకుండా నిండిన ఆ యార్డును చూసుకుంటే నాకే ముచ్చటేసేది.

ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం మామ వచ్చాడు. చెక్క ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"మస్తుంది గని కోడలా, గింత కిక్కిరిసిందేంది?"

"మీ యార్డు కన్నా మంచిగున్నదని నీకు కుళ్లు," అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

పొద్దున లేచేసరికి నాలుగో లైనులో ఒక్క బండీ లేదు. మామ మొదటి బస్సుకే డ్యూటీకి వెళ్లిపోయాడు.

"మీ మామే సంచిల ఏసుకపోయిండు. గట్లనే ఉండనీ అన్నడు," అంది అమ్మ. ఎందుకో ఆమెకూ తెలియదు. కొత్తవి చేసే సమయం లేదు. ఏడుస్తూనే బస్సెక్కాను.

భద్రాచలంలో బహుమతులు నిర్ణయించే సారు నా బల్ల దగ్గర ఆగి, మొట్టమొదట ఆ లైనునే చూపించాడు. "ఇదొక్కటి ఎందుకమ్మా ఖాళీగా వదిలావు?"

ఉన్నది ఉన్నట్టు ఫిర్యాదు చేశాను. "నేను వదల్లే సార్. మా మామ బండ్లు ఎత్తుకపోయిండు."

చుట్టూ ఉన్న పిల్లలు పకపకా నవ్వారు. సారు కూడా నవ్వాడు. ఆయన పళ్ల వరుస ఇప్పటికీ గుర్తుంది. బహుమతి ఎవరో చేసిన గాలిమరకు పోయింది.

ఆదివారం మామ వచ్చాడు. ఆయన సంచిలోంచి నాలుగు బండ్లూ తీసి వాటి చోట పెట్టాడు. "ఇప్పుడు ఐదో లైను కొసకున్న వెదురు బండిని బయటికి తియ్యి. చేత్తో ఎత్తొద్దు. ఇంజనుతోనే గుంజాలె."

అదెంత పని అనుకున్నాను. ఇంజను తగిలించి లాగితే నాలుగు బండ్లూ పొడవాటి లైను మీదికి వచ్చాయి. నాకు కావలసింది అన్నిటికన్నా వెనక ఉంది. దాన్ని మళ్లీ ఐదో లైనులోనే వదిలితే, ముందున్న మూడింటినీ పెట్టే చోటే లేదు. మిగతా ఏ లైను చూసినా నిండుగా ఉంది. లోపలికి నెట్టాను, మళ్లీ లాగాను. తల తిరిగిపోయింది.

మామ నాలుగో లైను బండ్లను మళ్లీ చేత్తో తీసి ఖాళీ చేశాడు. ఇంజనుకు తగిలించి ఉన్న బండ్లన్నీ అందులోకి నెట్టి, చివరిదాని కొక్కెం విప్పి అక్కడ వదిలాడు. మిగిలిన మూడింటినీ ఐదో లైనులో పెట్టి వచ్చి, వెదురు బండిని ఒక్కదాన్నే లాక్కుపోయాడు.

"ఒక్క లైనన్న ఖాళీ ఉండాలె కోడలా. అన్నీ నింపుకుంటే ఇంజను కూడా ఖైదే."

"గా ముచ్చట ముందే చెప్పొద్దా!"

"కుళ్లంటివి గద. చెప్తే వింటుంటివా?" అన్నాడు. "అయినా చెప్పి పోవాల్సింది," అని గొణిగాడు.

ఆయన నేర్పాలనుకున్నది ఖాళీ లైను గురించే కావచ్చు. నాకు మాత్రం చివరలో గొణిగిన మాటే ఎక్కువగా పట్టుకుంది. ఈనాటికీ ఎవరి వస్తువైనా కదపాల్సి వస్తే, వాళ్లను నిలబెట్టి కారణం చెప్పాకే చెయ్యి వేస్తాను. "అర్థమైంది అత్తయ్యా, తీసుకోండి," అని మా కోడలు మొత్తుకున్నా, చివరిదాకా చెప్పందే వదలను.