గంజి పెట్టిన పంచె

బాపు పోయిన తర్వాతి వానకాలంలో మా అమ్మ, అంటే అవ్వ, సందుగ పెట్టె తెరిచి, ఆయన పంచెను వెలుతురుకు పట్టి చూసి నన్ను పిలిచింది. అంచు దగ్గర చిన్న చిన్న చిల్లులు. మడతల మీద నూగు లేచి, బట్ట అక్కడక్కడా పలుచబడింది. నాకు ఏమీ అనిపించలేదు. ఆ రోజుల్లో దేనికీ ఏమీ అనిపించేది కాదు. ఏ పురుగో చూడాలి అనుకున్నాను, అంతే.

బాపు సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద కూలికి నేసేవాడు. ఇంట్లో పాత చేతిమగ్గం ఉండేది. ఆ పంచె దాని మీద తన కోసం నేసుకున్నది. నేసే ముందు పడుగు దారానికి గంజి పట్టించాలి, లేకపోతే తెగుతుంది. అవ్వ గంజి కాచేది, బాపు కుంచెతో పట్టించేవాడు. మగ్గం దిగిన పంచెను ఉతికి కట్టుకోకముందే ఆయన పోయాడు. అవ్వ దాన్ని అట్లాగే మడిచి దాచింది.

నేను పదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. అక్కడ నేను ముట్టని అల్మారా లేదని ఇప్పటికీ చెప్పుకుంటాను. పురుగుల పుస్తకాలూ చదివాను కనుక సందుగను పద్ధతిగా వెతికాను. చెదలైతే మట్టి గూడు ఉండాలి, లేదు. ఎలుకైతే పెంటికలు ఉండాలి, లేవు. చిమ్మటల పిల్లపురుగులు ఉన్నినీ పట్టునూ తింటాయి, ఇది నూలు. అడుగున పరిచిన పేపరు ఎత్తగానే వెండిరంగు పురుగు ఒకటి చేపలా జారి మూలకు పోయింది. తోక దగ్గర మూడు పోగులు. గ్రంథాలయంలో పాత పుస్తకాల అట్టల కింద కనిపించేదే. అక్కడ అట్టకు రాసిన మైదా జిగురు కోసం చేరుతుంది. ఇక్కడ గంజి కోసం.

"గంజి తింటున్నయే అవ్వా. వేడినీళ్లల్ల ఉతికి ఎండల ఏస్తే ఇగ రావు."

అవ్వ పంచెను దగ్గరికి తీసుకుంది. "గంజి పోతే ఇగ దాంట్ల మీ బాపుది ఏముంటది? ఉత్త బట్ట."

పెద్దపల్లి నుంచి వచ్చిన మేనత్త తన సంచిలోంచి బట్టల్లో వేసే డాంబర్ గోలీలు తీసింది. "రెండు ఏయి వదినె, పీడ పోతది."

"వద్దు. గా వాసనకు గంజి వాసన సచ్చిపోతది."

అత్త నా వైపు తిరిగింది. "ఏందిరా, గన్ని పుస్తకాలు సదివితివి. పురుగు ఏం తింటదో చెప్పుడేనా, చంపుడు రాయలేదా?"

రాసి ఉంది. బట్టను గాలి చొరకుండా కవర్లో కట్టి, ఫ్రిజ్‌లో మంచు గట్టే అరలో కొన్ని వారాలు ఉంచితే పురుగులూ గుడ్లూ చలికి చస్తాయి. గంజి గంజిలాగే ఉంటుంది. అదే చెప్పాను.

"కోడికూర పక్కపొంటి పెడ్తవా మీ బాపును?" అంది అవ్వ.

"మా అన్న కోడికూరను ఇడిచి ఎన్నడన్న ఉన్నడా? ఉండనియ్యి తియ్యి," అంది అత్త.

అవ్వ నవ్వలేదు. కానీ పంచె నా చేతికిచ్చింది.

ఆ వారాల్లో సందుగలో పేపర్లన్నీ తీసేసి దాన్ని ఎండబెట్టాను. చెమ్మ గోడకు దూరంగా జరిపి, గోడ పగులుకు సిమెంటు పూశాను. కరెంటు పోయినప్పుడల్లా అవ్వ ఫ్రిజ్ ముందు నిలబడి "ఖరాబైతదా?" అని అడిగేది. తలుపు తెరవకుంటే కాదు అనేవాణ్ని. ఐసు కోసం తెరిచినప్పుడు కవరు కనిపించేది. చూసి మూసేసేవాణ్ని.

బయటికి తీసిన రోజు, వెంటనే విప్పొద్దన్నాను. చల్లని బట్టకు గాలి తగిలితే చెమ్మ పట్టి గంజికి బూజు వస్తుంది. అవ్వ కవరును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి నన్ను అడిగి విప్పింది. దులిపితే చచ్చిన పురుగులు, పొలుసులు రాలాయి. గంజి కుదిరిందో లేదో చూసినట్టు బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది.

"గట్లనే ఉన్నది."

నేను తలూపాను.

"మళ్ల వస్తయా?"

"గంజి ఉన్నన్ని రోజులు వస్తయి."

అవ్వ పంచెను మడుస్తూ, "అయితే మళ్ల పెడదాం," అంది.

అప్పటి నుంచి వానలు మొదలయ్యేటప్పుడు పంచెను ఫ్రిజ్‌లో పెడుతూనే ఉన్నాం. చిల్లులు పెరగలేదు.