రికార్డులో లేని గొంతు

దయ్యాల కథ చెప్పేవాళ్లను మధ్యలోనే ఆపి "మీరు కళ్లారా చూశారా?" అని అడిగి ఇబ్బంది పెట్టే రకం మనిషిని నేను. బోధన్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ధ్వని పాఠం నాకు కొట్టిన పిండి. అందుకే ఈ సంగతి చాలాకాలం బయటపెట్టలేదు. ఎవరో ఒకరు నన్నూ ఆపి అదే ప్రశ్న వేస్తారని తెలుసు. వేస్తే జవాబు ఒకటే. చూడలేదు, విన్నాను.

మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి బోధన్ చుట్టుపక్కల కాలువ కింద భూములు కొనుక్కున్న రైతులు. ఇంటిల్లిపాదీ చెరకు గురించి మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం జాజ్ రికార్డుల పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో, ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికిన గీతలు పడ్డ రికార్డు ఒకటి ఈ జబ్బు అంటించింది. మా ఆవిడ సుజాత ఆ సంగీతాన్ని "పెళ్లికొడుకు తప్పిపోయిన బ్యాండు మేళం" అనేది. ఇప్పటికీ అంటుంది.

కొనడంతో ఊరుకునేవాణ్ని కాదు. ప్రతి రికార్డుకీ ఒక అట్టముక్క రాసి పెట్టేవాణ్ని. ఏ వైపు ముందు వినాలి, గీత ఎక్కడ ఉంది, పాటకీ పాటకీ మధ్య ఎన్ని సెకన్ల ఖాళీ ఉంది, అన్నీ అందులో ఉండేవి. హైదరాబాద్‌లో, పూనాలో ఉన్న నలుగురైదుగురు స్నేహితులకు ఏవి వినాలో ఉత్తరాలు రాసేవాణ్ని. వాళ్లు అడగకపోయినా రాసేవాణ్ని.

ఎనభైల చివర్లో నిజామాబాద్‌లో ఒక పాత సామాను కొట్టులో పది అంగుళాల రికార్డు దొరికింది. బొంబాయి హోటల్లో వాయించే బ్యాండు ఒకటి యాభైల్లో చేసిన రికార్డు అది. అట్ట వెనక వాయించినవాళ్ల పేర్లు ఉన్నాయి. క్లారినెట్ ఎదురుగా "డి. బోధన్" అని ఉంది.

వాద్యగాళ్లకు ఊరి పేరే ఇంటిపేరైపోవడం మామూలే కదా. మా ఊరివాడు జాజ్ రికార్డులో వాయించాడన్న ఆనందంతో నాకు కాలు నిలవలేదు. మర్నాడే ఆ అట్ట కాలేజీకి పట్టుకెళ్లి, ఆ ఊరు నేనే కట్టించినట్టు అందరికీ చూపించాను.

మా ల్యాబ్‌లో రూతవ్వ అని అటెండర్ ఉండేది. మెథడిస్టు కుటుంబం. రిటైరవడానికి ఇంకో రెండేళ్లుంది. కటకాలు తుడుస్తున్నదల్లా గుడ్డ పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది.

"సారూ, గా 'డి' అంటే దానియేలేనా?"

తెలియదన్నాను. అయితే ఆ తెలియదన్న మాటలో ఔననే వినిపించి ఉంటుంది. నిజం చెప్పాలంటే, ఔను అయితే బాగుండునని నాకే ఉంది.

దానియేలు ఆమె తమ్ముడు. తల్లి చనిపోతే ఆమే పెంచింది. పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఇరవై ఏళ్లైనా నిండకుండా బొంబాయి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లు దాటింది, ఒక్క ఉత్తరం లేదు. బతికున్నాడో లేదో కూడా తెలియదు. ఇదంతా ఆమె నిలబడే, తొందర తొందరగా చెప్పింది.

"నా మీద కోపంతోని పోయిండు సారూ. ఒక్కసారి ఇనిపియ్యుండ్రి. ఊదుడు ఇంటె నాకు ఎరుకైతది, గా కోపం ఇంకా ఉన్నదో లేదో."

ఏం కోపమని నేను అడగలేదు. ఆ ముఖం చూశాక అడగబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్లచీర, చేతిసంచిలో పాటల పుస్తకం. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. కుర్చీ వేసినా కూర్చోలేదు, స్పీకర్ ఎదురుగా నేల మీదే కూర్చుంది. సుజాత ఆమెకు చాయ్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. ఆమెకు ఒక క్యాసెట్ ఇద్దామని నేను టేప్‌రికార్డర్‌ను స్పీకర్ ముందు పెట్టి రికార్డింగ్ నొక్కాను. కలిపే వైరు పాడైంది కాబట్టి గదిలో చప్పుళ్లు కూడా అందులో పడతాయి. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

రెండో వైపు పెట్టాను. మొదటి పాట మొదలైన కాసేపటికే రూతవ్వ తల దించుకుంది. దుఃఖం ఆపుకుంటోంది కాబోలు అనుకున్నాను. రెండో పాటకీ తల ఎత్తలేదు. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఆరు సెకన్ల ఖాళీ. దాన్ని నేను అంతకు ముందు వారమే వాచీ పెట్టి చూసి రాసుకున్నాను.

ఆ ఖాళీలో ఒక గొంతు వినిపించింది. నిద్రమత్తులో ఉన్న పడుచువాడి గొంతు. దుప్పటి ముసుగు తీయకుండా మాట్లాడినట్టుంది.

"అక్కా, భోంగ అయిందా?"

వంటింట్లోంచి సుజాత, "ఎవరండీ వచ్చింది?" అని అడిగింది. నేను చప్పున స్పీకర్ వైపు తిరిగాను. రూతవ్వ మాత్రం ఉలిక్కిపడలేదు. తల ఎత్తి, పక్కగదిలో ఉన్న మనిషితో చెప్పినట్టు చెప్పింది.

"అయింది తమ్మీ. శానా సేపైంది. లే, పో."

ఆమె చివరి మాట మీదే క్లారినెట్ ఎత్తుకుంది.

నాకు భయం వేయలేదు. వేసి ఉంటే ఈ సంగతి మరచిపోవడం తేలికయ్యేది. పెద్ద గుడిలోకో చర్చిలోకో చెప్పులతో వెళ్లిపోయినప్పుడు కలిగే బెరుకు కలిగింది. లేచి నిలబడాలనిపించింది, నిలబడ్డాను. పాట అయ్యేదాకా అలాగే ఉన్నాను. వంటింటి గుమ్మంలో సుజాత కూడా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రూతవ్వ ఏడుస్తోంది. ఏడుస్తూనే కొంగుతో చాయ్ గ్లాసు అంచు తుడుస్తోంది.

అప్పుడు చెప్పింది ఆ కోపం సంగతి. భోంగ అంటే చక్కెర ఫ్యాక్టరీ సైరన్, మా ఊళ్లో ఆ రోజుల్లో గడియారం అదే. దానియేలుది మొద్దునిద్ర. రోజూ పొద్దున దుప్పటిలోంచే "అక్కా, భోంగ అయిందా?" అని అడిగేవాడు. అయిందంటేనే లేచేవాడు. బొంబాయి బ్యాండువాళ్లు రమ్మన్నప్పుడు, భోంగ మోగిన అరగంటకు వెళ్లే బండి ఎక్కాలి. ఆ పొద్దున కూడా అలాగే అడిగాడు. భోంగ అప్పటికే మోగింది. ఉన్న ఒక్క తమ్ముడు వెళ్లిపోతాడని ఆమె గుండె ఒప్పుకోలేదు.

"కాలేదు, పండుకొమ్మన్న సారూ. నా చెవులార ఇన్న. అయినా కాలేదన్న."

బండి వెళ్లిపోయింది. అతను లేచి ఎండ చూసి అక్క వైపు ఒకసారి చూశాడట. ఏమీ అనలేదట. నాలుగో రోజున ఆమె చెరకు నరకడానికి పోయినప్పుడు చెప్పకుండా వెళ్లిపోయాడు.

మళ్లీ పెట్టమంటావా అవ్వా అని అడిగాను. వద్దంది. చెప్పాల్సింది చెప్పేశానంది. చాయ్ గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్లింది.

ఆమె గడప దాటగానే నేను మళ్లీ పెట్టాను. ఆ ఖాళీలో ఏమీ లేదు. సూది చిటపటలు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు పదిసార్లు పెట్టి ఉంటాను. పక్కింట్లో ఎవరైనా ఉన్నారేమోనని వెళ్లి చూశాను, తాళం వేసి ఉంది. రేడియో మాట ఆంప్లిఫయర్‌లోకి చొరబడడం ఒక్కోసారి జరుగుతుంది, నాకు తెలుసు. కానీ ఏ రేడియోవాళ్లు "భోంగ అయిందా" అని అడుగుతారు?

చివరికి క్యాసెట్ పెట్టాను. రెండో పాట అయిపోయింది. చిటపటలు. ఆ చిటపటల్లో సుజాత గొంతు: ఎవరండీ వచ్చింది? వెంటనే రూతవ్వ జవాబు, ప్రతి మాటా స్పష్టంగా ఉంది. ప్రశ్న మాత్రం లేదు. ముగ్గురం విన్న ప్రశ్న ఆ టేపులో లేదు. సుజాత విని, ఆ క్యాసెట్ ఇంట్లో ఉంచవద్దంది. నేను ఉంచాను.

తర్వాత పన్నెండు పదమూడేళ్లకు ఒక విదేశీ కంపెనీ ఆ పాత రికార్డును శుభ్రం చేసి సీడీగా తెచ్చింది. పూనా స్నేహితుడు కొని పంపాడు, ఎప్పుడో నేను ఉత్తరంలో తెగ పొగిడినందుకు. ఆ ఆరు సెకన్లు అందులో అద్దంలా ఉన్నాయి, చిటపటలు కూడా లేవు. లోపలి చిన్న పుస్తకంలో ఫొటోలతో సహా అందరి వివరాలూ వేశారు. క్లారినెట్ వాయించింది పూనా ఆయన, పేరు దిగంబర్, ఇంటిపేరు 'బోధనే'. మరాఠీ మనిషి.

నా దగ్గరున్న రికార్డు అట్ట తీసి భూతద్దం పెట్టి చూశాను. ఇంగ్లీషులో వేసిన ఆ పేరు చివరి అక్షరం, E, అంచు దగ్గర కత్తిరింపులో పోయింది. మరాఠీ వినబడే సంతల పక్కన పుట్టి పెరిగినవాణ్ని, బోధనే అనే ఇంటిపేరు ఉంటుందని నాకెందుకు తట్టలేదు? ఊరి పేరు కనబడితే చాలు, ఒళ్లు మరచిపోయాను.

అంటే ఆ రికార్డులో దానియేలు లేనే లేడు.

చెప్పాలా వద్దా అని నెల రోజులు కొట్టుమిట్టాడాను. ముప్పై ఏళ్ల బరువు దించుకున్న మనిషి. ఆ బరువు నేనే మళ్లీ నెత్తిన పెట్టాలా? కానీ పాట ఒకరిది, పేరు ఇంకొకరిది చేసి ఊరుకోవడం నాకు చేతకాదు. రూతవ్వ అప్పటికి ఏర్గట్లలో చెల్లెలి కొడుకు దగ్గర ఉంటోంది. ఆర్మూర్ దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో.

వాకిట్లో గోనె పరచుకుని పసుపు కొమ్ములు ఏరుతోంది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. నేను నీళ్లు నములుతూ మొత్తం చెప్పాను. పుస్తకంలో ఫొటో కూడా చూపించాను. ఆమె కొమ్ములు ఏరడం ఆపలేదు.

"గది మా దానియేలు ఊదుడు గాదని నాకు అప్పుడే ఎరుక సారూ. మొదటి పాటలనే ఎరుకైంది. లేసి పోదమనుకున్న. మీరు చిన్నబోతరని కూసున్న."

మరి ఆ గొంతు ఏమిటి అవ్వా అని అడిగాను. పిల్లల్ని అడిగినట్టు కాదు, తెలియక అడిగాను.

చేతిలో కొమ్ము పక్కన పెట్టి నా వైపు చూసింది.

"రికార్డుల ఉంటె అందర్నీ అడుగుతుండె. అండ్ల లేడు గాబట్టే నన్ను అడిగిండు."

ఆమె మాటలో తప్పెక్కడుందో పట్టుకుందామని తిరుగు ఆటోలో కమ్మర్‌పల్లి దాటేదాకా ప్రయత్నించాను. ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఆ ఆదివారం మా ఇంట్లో ఏం జరిగిందో నేను చెప్పలేను, ఆమె చెప్పినదాన్ని కాదనీ అనలేను.