ఊపుడు మేష్టారి రాక్

లక్ష్మీనరసింహం గారు ఊపి చూడనిదే దేన్నీ నమ్మరు.

కుర్చీ కనిపిస్తే వీపు పట్టుకుని ఊపుతారు. హోటల్లో ఇడ్లీ వచ్చేలోపు బల్ల ఊపుతారు. బస్సెక్కితే పైకడ్డీ ఊపుతారు, కండక్టరు వచ్చి "పెద్దాయనా, ఊడదు, నాదీ పూచీ" అనేదాకా. గుంటూరు బ్రాడీపేటలో ఆయన దగ్గర లెక్కలు చదువుకున్నవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. లెక్కలు మర్చిపోయారు గాని 'ఊపుడు మేష్టారు' అన్న పేరు మాత్రం వాళ్ల పిల్లలకి కూడా నేర్పారు.

ఒకసారి ఒక పెళ్లిలో, ముహూర్తానికి రెండు నిమిషాల ముందు వేదికెక్కి మండపం స్తంభాన్ని ఊపారు. పైనుంచి బంతిపూల గుత్తి ఒకటి ఊడి పురోహితుడి నెత్తిన పడింది.

"పడితే ఇప్పుడే పడాలి, తలంబ్రాలప్పుడు కాదు" అన్నారు మేష్టారు నెమ్మదిగా.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఊపిన కుర్చీలో ఆయన కూర్చోరు. ఊపి, తృప్తిగా తలాడించి, అవతలికి పోయి గోడకి ఆనుకుని నిలబడతారు. మరి ఊపడం దేనికయ్యా అంటే ఆయన చెప్పరు. అడిగి అడిగి జనం మానేశారు.

అలాంటి మనిషికి నచ్చే అరల రాక్ వెతికే పని బావమరిది శ్రీరామ్ నెత్తిన పడింది. శ్రీరామ్ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. ఉన్న దిగులు చాలక కొత్త దిగుళ్లు వెతుక్కునే స్వభావం. ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని కాలేజీ నుంచి వెనక్కొచ్చి చూసుకునే రకం.

మేష్టారికున్న ఏకైక ఆస్తి పాటల సామాను. రికార్డుల ప్లేయరు, రెండు స్పీకర్లు, ఇనప్పెట్టె బరువున్న పాతకాలపు యాంప్లిఫయరు. అది వేడెక్కితే పక్కన పాలు కాచుకోవచ్చు. ఇవన్నీ పెట్టుకోడానికి శ్రీరామే కిందటేడు ఆన్‌లైన్లో ఒక స్టాండు తెప్పించి కానుకగా ఇచ్చాడు. చూడ్డానికి చెక్క, పట్టుకుంటే అట్ట. నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం అది పక్కకి ఒరిగి మొత్తం సామానుతో కూలింది. ప్లేయరు మూత రెండు ముక్కలైంది.

"నీ స్టాండుదేం తప్పు లేదురా. నేనే ఊపాను, పడింది" అన్నారు మేష్టారు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. వీధంతా వారం రోజులు నవ్వుకుంది. శ్రీరామ్‌కి మాత్రం ఆ రోజు నుంచి అక్కగారింట్లో అడుగుపెడితే ముందు ఆ మూత ముక్కల మీదికే చూపు పోతుంది. సామానంతా డైనింగ్ టేబుల్ ఎక్కింది. ఆ టేబుల్ కొంచెం ఊగుతుంది కాబట్టి మేష్టారు పాట పెట్టడం మానేశారు. అక్కా బావా కింద కూర్చుని తింటున్నారు.

పాట ఆగిపోవడంతో పక్కింటి వెంకటరావమ్మ గారు కూడా రావడం మానేశారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. పొలం కౌలుకిచ్చి కూతురు మాధురి దగ్గర ఉంటున్నారు. అంతకుముందు రోజూ సాయంత్రం నాటక పద్యాల రికార్డులు వినడానికి వచ్చి, కుర్చీ వేస్తే తోసేసి, స్పీకరు పక్కన నేల మీద చతికిలబడేవారు. "కింద కూర్చుంటే గాని పద్యం చెవికెక్కదు మేష్టారూ. కానివ్వండి" అనేవారు. ఇప్పుడు పిలిస్తే మోకాళ్ల నొప్పులంటున్నారు.

బుధవారం పొద్దున్నే అక్క కనకలక్ష్మి ఫోను చేసింది.

"ఒరేయ్ శ్రీరామూ, ఆదివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పాతికమంది వస్తారు. టేబుల్ ఖాళీ కావాలి."

"అలాగే అక్కా."

"అలాగే కాదు. శనివారం సాయంత్రానికి రాక్ రాకపోతే సామానంతా పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను. మాట్లాడి పెట్టాను కూడా. ఆరువేలిస్తాను, అందులో తెచ్చుకోండి."

"బావగారికి చెప్పావా?"

"చెప్పాను. తలుపు ఊపుకుంటూ విన్నారు."

శ్రీరామ్‌కి ఆ పూట పెసరట్టు సహించలేదు. స్టాండు కొన్నది తను. తన స్టాండు కూలబట్టే ముప్పై ఏళ్ల సామాను పాత ఇనుములోకి పోతోంది.

గురువారం బావగారిని కారెక్కించుకుని ఫర్నిచరు కొట్టుకి వెళ్లాడు. సేల్స్‌మన్ నిగనిగలాడే టీవీ యూనిట్ చూపించాడు. మేష్టారు దాన్ని కుడివైపు, ఎడమవైపు ఊపి, ఉన్నట్టుండి షోరూం మధ్యలో నేల మీద చతికిలబడ్డారు.

సేల్స్‌మన్ హడలిపోయాడు. "సార్! సార్! షుగరా? ఒరేయ్, ఎవరన్నా నీళ్లు తెండ్రా!"

"షుగర్ లేదు నాయనా. నువ్వు కాస్త పక్కకి జరుగు."

మేష్టారు చెయ్యి చాచి యూనిట్ కుడిచేతి మూల పట్టుకున్నారు. ఒంటి బరువంతా ఆ మూల మీద వేసి, "హమ్మా!" అంటూ లేవబోయారు. యూనిట్ వెనక కాళ్లు గాల్లోకి లేచాయి. పైనున్న పూలకుండీ జారింది. సేల్స్‌మన్ యూనిట్‌ని కావలించుకున్నాడు, శ్రీరామ్ కుండీని కావలించుకున్నాడు.

"ఇది రాక్ కాదు నాయనా, రాక్ ఫొటో" అన్నారు మేష్టారు, పంచె దులుపుకుంటూ.

రెండో కొట్లోనూ అంతే. చతికిలబడడం, మూల పట్టుకోవడం, "హమ్మా!" మూడో కొట్టు చేరేసరికి అప్పటికే ఫోన్లు వెళ్లినట్టున్నాయి, సెక్యూరిటీ అతను వీళ్ల వెనకే నడిచాడు. శ్రీరామ్‌కి చెమటలు పట్టి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పాటల సామాను కోసమే ప్రత్యేకంగా చేసే రాకులుంటాయట కదా అని ఫోనులో వెతికి చూపించాడు. నలభై రెండు వేలు.

"ఆ ధరకి రాక్ కొంటే నేనూ మీ అక్కా దాని మీదే కాపురం పెట్టాలి" అన్నారు మేష్టారు.

తిరుగుదారిలో శ్రీరామ్ ఉండబట్టలేక అడిగాడు. "బావగారూ, రాక్ కావాల్సింది పాటకి కదా. మధ్యలో మీరు కింద కూర్చోడం దేనికండీ?"

"అదో పద్ధతిలేరా."

"ఎవరి పద్ధతి?"

"ముందు చూసి నడుపు, గేదె!"

గేదె రోడ్డుకి ఆ చివర ఉంది. బావగారు చెప్పదలుచుకోలేదని శ్రీరామ్‌కి అర్థమైంది.

శుక్రవారం వడ్రంగి ఖాదర్ వలి దగ్గరికి వెళ్లారు. ఎనిమిదో తరగతి లెక్కల్లో మేష్టారి చేతుల మీదుగా తప్పినవాడు. ఆయన్ని చూడగానే లేచి, కొట్లో ఉన్న రెండు కుర్చీల్నీ తనే ఊపి చూపించాడు.

"గట్టివే మేష్టారూ. శ్రమపడకండి."

విషయం విని తల గోక్కున్నాడు. "కొత్త టేకంటే ఆరువేలకి కాళ్లు కూడా రావు. ఏటుకూరు రోడ్డులో ఒక పాత కోల్డ్ స్టోరేజీ పడగొడుతున్నారు. లోపల మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, పేర్చే అరల చెక్క ఉంది. ముప్పై ఏళ్లు బస్తా మీద బస్తా మోసిన చెక్క. మీరు ఊపినా, మీ స్కూలంతా వచ్చి ఊపినా కదలదు. ఒక్కటే తిరకాసు."

"ఏంటది?" అన్నాడు శ్రీరామ్.

"ఘాటు చెక్క లోపలికి దిగిపోయింది."

"మనది గుంటూరోయ్!" అన్నారు మేష్టారు ఛాతీ విరుచుకుని.

చెక్క పలకలు కారులో వెనక సీటు నుంచి ముందు అద్దం దాకా వచ్చాయి. అక్కడ మొదలైన తుమ్ములు కొట్టు చేరేదాకా ఆగలేదు. సిగ్నల్ దగ్గర శ్రీరామ్ తుమ్మిన తుమ్ముకి కారు ఆగిపోయింది. చలానా రాయబోయిన కానిస్టేబులు కిటికీలోంచి తల లోపల పెట్టి, మరుక్షణం బయటికి తీసి, "పొండి బాబూ, పొండి" అని కళ్లు తుడుచుకున్నాడు.

శనివారం ఖాదర్ వలి హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించుకుని చిత్రిక పట్టాడు. పక్క కొట్టు టైలరు జుబేదా ముక్కుకి ఓణీ కట్టుకుని వచ్చింది.

"ఏం భాయ్ ఇది? జాకెట్టు కుడుతూ ఏడుస్తుంటే, ఇంట్లో ఏమైందమ్మా అని గిరాకీలు నన్ను ఓదారుస్తున్నారు!"

"సాయంత్రం దాకా ఓర్చుకో ఆపా. మేష్టారి పని."

"ఊపుడు మేష్టారిదా? అయితే ఓర్చుకుంటాలే. నా కుట్టుమిషను పీట కాలు కదులుతోందని చెప్పి మేకు కొట్టించింది ఆయనే" అంటూ వెళ్లిపోయింది. శ్రీరామ్ ఆ మాట విన్నాడు గాని, టైము చూసుకునే కంగారులో బుర్రకెక్కలేదు.

ఆరింటికి, పాత సామాన్లవాడు వీధి మొదట్లో ఉండగా, రాక్ ఇంటికి చేరింది. నల్లగా, మొరటుగా, నడుమెత్తున, నాలుగు కాళ్ల మీద ఎద్దులా నిలబడింది.

"ఇది రాకా, గాదెకి అన్నగారా?" అంది కనకలక్ష్మి. ముక్కు ఎగబీల్చి, "ఏంటీ వాసన?" అని కూడా అంది.

"వార్నిషక్కా" అన్నాడు శ్రీరామ్, అటు తిరిగి తుమ్ముతూ.

మేష్టారు పంచె ఎగ్గట్టారు. నేల మీద చతికిలబడ్డారు. కుడిమూల పట్టుకున్నారు. "హమ్మా!" లేచారు. రాక్ వెంట్రుకవాసి కదల్లేదు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ లేచారు. మూడోసారి కూర్చోబోతుంటే కనకలక్ష్మి అడ్డుపడింది. "చాలించండి. రేపు వ్రతానికి మోకాళ్లు మిగల్చండి."

ఆదివారం వ్రతం బాగానే సాగింది. పీటని మూడుసార్లు ఊపాకే పూజ మొదలైందని వేరే చెప్పక్కర్లేదు. కథలు అయ్యాయి, ప్రసాదం పంచారు. వెంకటరావమ్మ గారు కూతురి భుజం పట్టుకుని వచ్చి, రాక్‌కి ఆమడ దూరంలో గుమ్మం పక్కన కూర్చున్నారు.

"అక్కడ కాదమ్మా, మీ చోటు ఇక్కడ ఖాళీగానే ఉంది" అని పిలిచారు మేష్టారు.

"వద్దులే మేష్టారూ. ఇక్కడికీ వినపడుద్ది."

"వినపడదు. రండి."

ఆవిడ రాక్ వంక అనుమానంగా చూస్తూ, జరిగి జరిగి వచ్చి స్పీకరు పక్కన కూర్చున్నారు. మేష్టారు పాత నాటకం రికార్డు పెట్టారు. హార్మోనియం మోగింది. పద్యం లేచింది. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో పద్యం. శ్రీరామ్ మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాడు.

పీల్చుకోకుండా ఉండాల్సింది. యాంప్లిఫయరు వేడెక్కింది. దాని కింద చెక్క వేడెక్కింది. ముప్పై ఏళ్లు చల్లగా నిద్రపోయిన మిర్చి లేచి కూర్చుంది. మొదట పురోహితుడు తుమ్మాడు. తర్వాత ఆయన పక్కన మామయ్యగారు. రికార్డులో పద్యం పాడేవాడు రాగం అందుకునేసరికి గది మొత్తం అందుకుంది. పాతికమందీ ప్రసాదం గిన్నెలు పట్టుకుని, దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ వరండాలోకి పరిగెత్తారు. "శ్రీరామూ!" అని అక్క కేక బయటినుంచి వినపడింది. వెనకే ఆరు తుమ్ములు.

అయిపోయింది అనుకున్నాడు శ్రీరామ్. మొదటి స్టాండు కూలింది, రెండోది జనాన్ని కూల్చింది. పాత సామాన్లవాడు ఇవాళ మళ్లీ వీధిలోకి వచ్చాడేమో.

గదిలో తను, మేష్టారు, వెంకటరావమ్మ గారు మిగిలారు. ఆవిడ ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. "మిరప కళ్లంలో పుట్టి పెరిగినదాన్ని. ఇదొక ఘాటా!" అని, కళ్లు మూసుకుని పద్యం చివరిదాకా విన్నారు. ఆ తర్వాత లేవబోయారు. మోకాళ్లు సహకరించలేదు. అలవాటుగా చెయ్యి రాక్ కుడిమూల మీదికి వెళ్లింది. వెళ్లినట్టే వెళ్లి, కాలినట్టు వెనక్కొచ్చింది.

"పట్టుకోండమ్మా" అన్నారు మేష్టారు. "ఊపి చూశాను."

ఆవిడ ఆయన వంక చూశారు. మూల పట్టుకున్నారు. బరువంతా దాని మీద వేసి, "హమ్మా!" అంటూ లేచి నిలబడ్డారు.

అదే మూల. అదే "హమ్మా!" శ్రీరామ్ ఆ మూల వంకా, బావగారి వంకా మార్చి మార్చి చూశాడు.

"ఆ రోజు పడేసింది నేనే నాయనా" అన్నారు వెంకటరావమ్మ గారు, రాక్‌ని గేదె వీపు నిమిరినట్టు నిమురుతూ. "ఇట్టాగే పట్టుకుని లేస్తుంటే నీ స్టాండు కాస్తా నా మీదికే వచ్చింది. నేను చెప్తానంటే మీ బావ చెప్పనిస్తేనా! అందరిలో తనే ఊపానన్నాడు. ఆ మొహమాటానికే నేను రావడం మానేశా."

"బావగారూ! మరి నాలుగు నెలలు వీధంతా మిమ్మల్ని చూసి నవ్వుతుంటే?"

"నాకు ఆ పేరు ఎలాగూ ఉందిగా. ఉన్నది వాడుకున్నాను" అన్నారు మేష్టారు, రికార్డు తిరగేస్తూ. "నువ్వు రేపు బండి తియ్యి. మార్టూరులో గ్రానైటు ముక్క తెచ్చి యాంప్లిఫయరు కింద పరిస్తే చెక్కకి వేడి తగలదు. చిన్న ముక్కలు ఊరికే పడేస్తారట."

గుమ్మంలో కనకలక్ష్మి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. పాత సామాన్లవాడి ఊసు ఎత్తలేదు. "పిన్నిగారూ, బయట గాలికి కూర్చుందురు గాని రండి" అని మాత్రం అంది. "ఒరేయ్ శ్రీరామూ, వరండాలో కుర్చీ వెయ్యి."

శ్రీరామ్ వరండాలోకి నడిచాడు. జుబేదా కుట్టుమిషను పీట, పెళ్లి మండపం, ఊపి వేరేవాళ్లకి వదిలేసిన కుర్చీలు ఒకటొకటీ అప్పుడు బుర్రకెక్కాయి. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగాడు. వెనకే వెంకటరావమ్మ గారు వస్తున్నారు. కుర్చీ వీపు పట్టుకుని ఇటొకసారి, అటొకసారి గట్టిగా ఊపాడు.

తుమ్ములు ఆపి పాతికమందీ అతని వంకే చూశారు.

"ఓరి నాయనోయ్, నువ్వు కూడానా!" అంది కనకలక్ష్మి.

శ్రీరామ్ తృప్తిగా తలాడించి, అవతలికి పోయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.