ప్రపంచ పటంలో బాపు చదరం

పాలమూరులో వానలు మొహం చాటేసిన ఏడు, మా బాపు మేస్త్రి గుంపుతో ఉత్తరాన ఎక్కడో కొండల్లో డ్యాం మట్టిపనికి పోయాడు. నేనప్పుడు ఆరో తరగతి. ఎండాకాలంలో ఊళ్లో ఒక మాట పుట్టింది. అక్కడ కట్ట విరిగిపడిందట, మనవాళ్లు కొందరు మట్టిలో కూరుకుపోయారట. నోరున్నవాడల్లా ఒక పేరు చెప్పాడు, చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. భయానికి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఆ రోజుల్లోనే సారు బడిలో ప్రపంచ పటం వేలాడదీసి, నిలువు గీతలు రేఖాంశాలు, అడ్డగీతలు అక్షాంశాలు అని చెప్పాడు. నాకు అవి మట్టిపని గీతల్లాగే కనిపించాయి. చెరువు పనిలో మేస్త్రి తాడు పట్టి, ముగ్గు పోసి, నేలను చదరాలుగా పంచేవాడు. ఒక్కో సంసారానికి ఒక్కో చదరం, ఎవరిది వాళ్లే తవ్వాలి. భూమినంతా అట్లాగే పంచేశారని నమ్మాను. లేచి అడిగాను.

"సార్, మా బాపుకు ఏ చదరం పడ్డది? కట్ట కూలింది గా చదరంలనేనా?"

పిల్లలు పకపకా నవ్వారు. సారు నవ్వలేదు. నన్ను పటం దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూపించాడు.

"గిది డెబ్బై ఎనిమిదో గీత. మన పాలమూరు మీదికెళ్లి సీదా ఉత్తరం పోతది. మీ బాపున్న జాగ దీని పక్కపొంటే ఉంటది. గీ గీతలు నేల మీద యాడా ఉండయి బిడ్డా, జాగ యాడుందో తెల్వనీకి మనం గీసుకున్నయి. మనిషి సంగతి గివి చెప్పయి."

పటంలో మా ఊరికీ ఆ కొండలకూ నడుమ నా జానెడు కూడా లేదు. అంత దగ్గర నుంచి కబురెందుకు రావడం లేదని నాకు ఇంకా భయం పట్టుకుంది. ఇంటికి పోయి అమ్మకు అంతా చెప్పాను.

"మనిషి సంగతి చెప్పని గీతలు మనకెందుకు బిడ్డా," అని గోడవైపు తిరిగి పడుకుంది.

కొన్నాళ్లకు గుంపు తిరిగొస్తోందని తెలిసింది. లారీ ఆగేచోట ఆడవాళ్లంతా చేరారు. లారీ రాగానే అమ్మ దానివైపు వీపు తిప్పి, నా ఎదురుగా నిలబడింది.

"నువ్వు చూడు. నాతోని గాదు."

ఒక్కొక్కరే దిగుతున్నారు. బాపు లేడు. అందరి వెనక, గడ్డం మాసి, ఎముకల గూడై బాపు దిగాడు. అరవబోయాను, గొంతు పెగల్లేదు. కళ్లలో నీళ్లు మాత్రం జలజలా కారాయి.

అమ్మ నా మొహం చూసి నేల మీద కూలబడి, రెండు చేతులూ రాయికేసి కొట్టింది. బాపు పరుగున వచ్చి ఆ చేతులు పట్టుకునేసరికి ఒక్క గాజూ మిగల్లేదు.