చెరపని ఒక్క వరుస

పోయిన నెల ఒక సోమవారం ఉదయం ఏడుంబావుకు శంషాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. గుండె ఆగి మా కోడలు పోయింది. నలుగురిలో ఏడవడం నాకు చేతకాదు. గుర్తుపెట్టుకోవడం చేతనవును. ఆమె పేరు చెరిపేసిన మనిషినీ గుర్తుపెట్టుకున్నాను.

ఆమె ఆఫీసు పనిగా, రస్ట్ అనే కంప్యూటర్ భాషలో ఒక లైబ్రరీ రాసింది, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్. ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న పెద్ద డేటాబేస్ ఫైలును మొత్తం దింపుకోకుండా, కావలసిన పేజీ ఒక్కటే తెచ్చి చదువుతుంది అది. రెండేళ్లు, మా వంటింటి బల్ల మీదే రాసింది. బడిలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి పక్కన కూర్చుని ప్రశ్నలు వేసేదాన్ని. విసుక్కునేది కాదు. ఇంటి మీదుగా విమానం పోతుంటే మాట ఆపి, అది దాటాక ఆపిన చోటి నుంచే అందుకునేది.

ఒక సాయంత్రం తల పట్టుకుంది.

"అత్తమ్మా, జర చూడు. ఏ పేజీ అడిగినా దాని తర్వాతిది వస్తున్నది."

"పేజీల లెక్క ఎక్కడికెల్లి మొదలు?"

"ఒకటికెల్లి."

"ఒకటో పేజీకి ముందు ఎన్ని దాటాలె?"

"ఏం లేవు."

"మరి ఒకటెందుకు దాటుతున్నవ్?"

"బడిల పిల్లల్ని గూడ గిట్లనే సతాయించినవా?" అని నవ్వి, సరిచేసి, కోడ్‌లో ఆ చోటే, మనుషులు చదువుకునేందుకు మాత్రమే, తెలుగులో ఒక వరుస రాసి నాకు చూపించింది. "నీ మాట గూడ ఉండనియ్."

లైబ్రరీ బయటికొచ్చినప్పుడు, రాసినవారి చోట ఆమె పేరు తీసేసి, వాళ్ల ఆఫీసు మేనేజర్ తన పేరొక్కటే పెట్టుకున్నాడు. "పోనియ్ అత్తమ్మా, పనిజేస్తున్నది గదా" అంది. నేను పోనిచ్చే మనిషిని కాను.

రావిర్యాల దగ్గరి ఆఫీసులో సంతాప సభ పెట్టారు. మేనేజర్ తెర ముందు నిలబడి, "ఈ లైబ్రరీ రాసేటప్పుడు ఆవిడ నాకు చాలా సాయం చేశారండీ" అన్నాడు. సాయమట! లేచాను.

"సారూ, పేజీని వెతికే చోట తెలుగుల ఒక వరుస ఉంది. ఏందది?"

"కోడ్‌లో తెలుగెందుకుంటుందండీ?"

"మీరు రాసిందే గద. మీకే తెల్వదా?"

ముందు కుర్చీలోని అమ్మాయి ప్రొజెక్టర్‌కు కలిపిన లాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిచింది. పేరు చెరిపినవాడు లోపల చదవనే లేదు. ఆయన తప్పుకునేలోపే ఆ వరుస తెర మీద సగం, ఆయన తెల్ల చొక్కా మీద సగం పడింది: "అత్తమ్మ చెప్పింది, ఒకటి తీసెయ్."

మర్నాడే రాసినవారి చోట మా కోడలి పేరు పైన చేరింది. ఆయన పేరు ఇంకా కిందనే ఉంది, అది కూడా పోవాలి. అందాకా నేను కళ్లు మూస్తే చాలు, ఆ తెర ముందు ఆ మనిషి పక్కకు జరుగుతూనే ఉంటాడు, మా కోడలి మాటలు ఆ చొక్కాను వదలవు.